జైలు గోడెక్కిన రాకెల్ వెల్చ్

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి. జైల్లో ఖైదీలకు పాఠాలు చెబుతూ, లైబ్రరీ బీరువా తాళాలు దగ్గరుంచుకుని రిటైరైన మనిషిని. గ్రంథాలయ వారోత్సవాల్లో సినిమా గురించి మాట్లాడతావా అని మా ఇంట్లో నవ్వారు.

ఇప్పుడు మనం చూసిన ‘ది షాషాంక్ రిడెంప్షన్’ 1994 నాటిది. అందులో కాలానికి పొసగని తప్పులు చెప్పమన్నారు. చెబుతాను. కథానాయకుడైన ఖైదీ ఆండీ జైలు నుంచి తప్పించుకున్నది 1966లో. అతను తవ్విన సొరంగానికి అడ్డుగా ఉన్న నటి రాకెల్ వెల్చ్ పోస్టరు ‘వన్ మిలియన్ ఇయర్స్ బీసీ’ సినిమాది. అది బ్రిటన్లో విడుదలైంది 1966 డిసెంబరు ఆఖర్లో, అమెరికాలో 1967 ఫిబ్రవరిలో. అంటే థియేటరు కంటే ముందే జైలు గోడెక్కిందన్నమాట! అసలు స్టీఫెన్ కింగ్ రాసిన కథలో ఆండీ బయటపడేది 1975లో. అక్కడ ఆఖరి పోస్టరు గాయని లిండా రాన్‌స్టాట్‌ది. సినిమావాళ్లు తొమ్మిదేళ్లు వెనక్కి జరిపారు, చిక్కు అక్కడొచ్చింది.

ఇంకోటి. ఆండీ మైకులో మోజార్ట్ పాట పెడతాడు చూశారా, అది 1950ల్లో జరిగినట్టు కథ. మనం విన్నది మాత్రం ఆర్కెస్ట్రా నడిపే కార్ల్ బోమ్ 1968లో రికార్డు చేసిన పాట. పాడిన ఇద్దరిలో ఎడిత్ మాథిస్ పుట్టిందే 1938లో. అయినా ఆ పాటకి నేనెన్నిసార్లైనా క్షమించేస్తాను.

సరే, నేను చెప్పాలని వచ్చింది ఇది కాదు.

ఆండీ లైబ్రరీ కోసం వారానికో ఉత్తరం, ఆరేళ్లు రాశాడు. 200 డాలర్లు, పెట్టెల నిండా పుస్తకాలు వచ్చాయి. నేను తొమ్మిదేళ్లు రాశాను. వారానికొకటి కాదులెండి, గుమాస్తా విసుక్కోకుండా నెలకొకటి. చివరికి ఒక గోనెసంచి వచ్చింది. తాడు విప్పితే ఏముంది, ఎవరో వదిలించుకున్న పోటీ పరీక్షల గైడ్లు! అప్పటికి రాష్ట్రం విడిపోయి మూడేళ్లైంది. గైడులో ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలే ఉన్నాయి.

ఒక కుర్రాడు దాన్ని మొదటి పేజీ నుంచి బట్టీ పట్టాడు. 2009లో లోపలికొచ్చినవాడు. ఓ రోజు నా దగ్గర నిలబడి 23 పేర్లూ గడగడా అప్పజెప్పి, “కరెక్టేనా సార్?” అన్నాడు. రాష్ట్రం విడిపోయిన సంగతి అతనికి తెలుసు. కానీ అచ్చులో ఉంది కదా, పరీక్షలో అదే అడుగుతారనుకున్నాడు. నేను కరెక్టే అన్నాను. తప్పే చేశాను. మర్నాడు పిలిచి చెబితే, “ఇంకో పుస్తకం ఉందా సార్?” అన్నాడు. లేదు.

పోస్టరు సినిమా కంటే ముందొచ్చిందని మనం ఇక్కడ కూర్చుని లెక్కలు తీస్తున్నాం. వెనక వరసలో బాబూ, వాచీ చూసుకోకు, అయిపోయింది. మీ ఇళ్లలో చదివేసిన నవలలుంటే రేపు సాయంత్రంలోపు ఈ కౌంటర్లో ఇవ్వండి, నేనే తీసుకెళ్లి జైలు లైబ్రరీకి అప్పగిస్తాను. అట్టలు చిరిగినా పరవాలేదు, ఆఖరి పేజీలుంటే చాలు. గైడ్లు మాత్రం తేకండి.