లక్ష్మణవజ్ఝల ఇంటి భోజనం, మా అమ్మ గారెలు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు ఏడుగురున్నారు. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ దానికే అయిపోతాయి, క్షమించాలి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం మన రాజమండ్రి హోటళ్ళ గురించి మాట్లాడతాను. పుస్తకమూ వస్తుంది లెండి, ఖాతా పుస్తకం.

ముందు ఒక పాత హోటలు సంగతి. క్రీడాభిరామం అని పాత తెలుగు వీథినాటకం, అందులో ఓరుగల్లు భోజనం ఒకటుంది. లక్ష్మణవజ్ఝల గారింట్లో రూకకి కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కాకతీయుల నాటి పూటకూటి ఇంటికి పేరు, మెనూ, రేటు మూడూ మిగిలాయి. మా హోటలు మూసి పాతికేళ్ళు కాలేదు. రేట్లు నాకే గుర్తు లేవు.

మాది లాంచీల రేవు దగ్గర కాఫీ హోటలు. 1974లో రోడ్డు కం రైలు బ్రిడ్జి వచ్చేదాకా కొవ్వూరు నుంచి ఊళ్ళోకి రావాలంటే రైలెక్కాలి, లేదా లాంచీ ఎక్కాలి. లాంచీ దిగినవాళ్ళు ముందు మా బల్ల దగ్గరికే వచ్చేవారు. బ్రిడ్జి తెరిచాక సందడి సగం తగ్గింది. ఊరికి మంచి జరిగింది, కాదనను. మా నాన్న మాత్రం ఆ బ్రిడ్జి మీద చాన్నాళ్ళు బస్సెక్కలేదు.

గల్లాపెట్టె దగ్గర నాన్న, లోపల అమ్మ. హోటలు నాన్న పేరుతో. గారెల పిండి చిన్న ముద్ద తీసి గ్లాసు నీళ్ళలో వేసేది అమ్మ. తేలితే సరే, మునిగితే మళ్ళీ రుబ్బమనేది. రుబ్బే కుర్రాడు కోనసీమలో అమ్మ పుట్టింటి ఊరివాడు. సర్వర్లిద్దరూ ఆ ఊరివాళ్ళే. అక్కడ కబురు ఏదైనా ముందు మా వంటింటికి చేరేది, తర్వాతే ఉత్తరం.

ఇంతకీ ఖాతా పుస్తకం. అందులో అసలు పేర్లు తక్కువ. 'పొడుగు మేస్టారు', 'లాంచీ సరంగు', 'కొవ్వూరు బట్టలాయన'. ఎదురుగా ఇడ్లీలు, కాఫీలు, బాకీ. 1986 ఆగస్టు పేజీల్లో 'వరద' అని ఒక ఖాతా ఉండేది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. గోదావరి మధ్య లంకల్లోవాళ్ళకి పులిహోర పొట్లాలు పంపారు. బియ్యం ఒకరివి, చింతపండు ఒకరిది, పొయ్యి మాది. కింద మొత్తం వేయలేదు నాన్న. అడ్డంగా గీత కొట్టి 'చెల్లు' అని రాశాడు.

ఆ పుస్తకాలు ఏమయ్యాయంటారా? 2003 పుష్కరాల ముందు ఇల్లు వెల్ల వేయిస్తూ కిలోల లెక్కన చిత్తు కాగితాలవాడికి అమ్మేశాను. నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు. ఒక్కటి మిగిలింది, గ్రైండరు కింద ఎత్తుకి పెట్టుకుంది మా అమ్మ. 'వరద' ఉన్నది మాత్రం కాదది.

ఇప్పుడు హోటళ్ళ మీద వీడియోలు బోలెడు. ముక్క నోట్లో పెట్టుకుంటారు, కళ్ళు మూస్తారు, 'వేరే లెవెల్' అంటారు, పోతారు. బోర్డు ఫోటో కాదండీ కావాల్సింది. పిండి ఎవరు రుబ్బారు, ఏ ఊరు నుంచి వచ్చారు, అప్పు ఎవరికిచ్చారు, ఊళ్ళో చావు జరిగితే ఆ పూట పొయ్యి వెలిగించారా లేదా, ఇవి అడగాలి. వెనక వరుసలో గుసగుసలాడుతున్న బాబులూ, మీ చేతుల్లో ఫోన్లున్నాయి. మీ వీధి హోటల్లో పెద్దావిడ ఉంటే, రద్దీ తగ్గాక మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి కూర్చోండి. ఆవిడ 'నాకేం తెలుసు నాయనా, మా ఆయన్నడుగు' అంటుంది. లేచి వచ్చేయకండి. మా అమ్మా అలాగే అనేది, నేను లేచి వచ్చేశాను.

కార్యదర్శి గారు చీటీ పంపారు. అయిపోయిందండీ, ఒక్క నిమిషం. బయట ఉప్మా పొట్లాలు పెట్టారు. వీధి చివర హోటలు నుంచి తెప్పించారు. యజమాని మీకందరికీ తెలుసు. లోపల కలియబెట్టినావిడని పేరడిగాను వస్తూ. చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ చెప్పలేదు. మగవాణ్ణి, కొత్తవాణ్ణి కదా. ముందు వరుసలో అమ్మలెవరైనా వెళ్ళి అడుగుతారా?