అమ్మ నా గొంతు గుర్తుపట్టలేదు

అందరికీ నమస్తే. మీ సార్ భాష గురించి మాట్లాడమన్నారు, నేను యాస గురించి మాట్లాడతా, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది అక్కడే.

మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. 1998లో డిగ్రీకని సిటీకొచ్చి హాస్టల్లో చేరాను. మొదటి రోజే మెస్‌లో "కూర ఏటండి?" అని అడిగానంతే, టేబుల్ మొత్తం నవ్వింది, ఇక ఆ పూట నుంచి మూడేళ్ళు నా పేరు ఏటిగాడు. క్లాసులో జవాబు తెలిసినా లేచేవాణ్ణి కాదు. రేడియో వార్తలు వినీ వినీ ఆ తెలుగు పట్టేశాను. ఓ రోజు ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేశా, వెనకాల మా క్లాసోళ్ళు లైన్లో ఉన్నారు కదా, అందుకని ఆ కొత్త తెలుగులోనే "అమ్మా, భోజనం చేశారా" అన్నా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది, "ఎవులు బాబూ మాటాడతన్నారు?" అని. మీటర్ తిరుగుతానే ఉంది, నా గొంతు పెగల్లేదు.

దానికన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. రెండో ఏడు మా రూంలోకి నల్గొండ అబ్బాయొచ్చాడు. "అన్నా, నల్లా బంద్ జెయ్యి" అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది నేనే. ఏడాది పాటు మాట పడ్డోణ్ణి, నాకన్నా కింద ఒకడు దొరికాడనిపించింది, అంతే. చిన్నచూపు ఇలాగే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఆ అబ్బాయికి ఇప్పటిదాకా సారీ చెప్పలేకపోయాను, ఎక్కడున్నాడో తెలీదు.

అసలు అచ్చమైన తెలుగు అంటే ఏంటి? కోస్తా మధ్య జిల్లాల మాట ముందుగా పేపర్లకీ పుస్తకాలకీ ఎక్కింది, మిగతావన్నీ యాసలైపోయాయి. సినిమాల్లో ఏళ్ళ తరబడి మా మాట పనోళ్ళకి, తెలంగాణ మాట రౌడీలకి, కమెడియన్లకి ఇచ్చారు, అది చూస్తూ పెరిగినోళ్ళం మేము.

గిడుగు రామమూర్తి గారు మా వైపు మనిషే. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవరలనే కొండ గిరిజనులకి పాఠం చెప్పేముందు వాళ్ళ భాష తానే నేర్చుకున్నారు, తెలిసినోణ్ణి ఇంట్లో పెట్టుకుని మరీ. వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. కొండ మీది మాటకి అంత చేసిన మనిషే జనం మాట్లాడే తెలుగు కోసం కూడా కొట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29, మన తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణ కవి కాళోజీ గారిది సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. మధ్యలో పదకొండు రోజులే, రెండూ చేసుకోండి.

ఇప్పుడు టీ బ్రేక్‌లో ఉడకబెట్టిన పల్లీలు పెడుతున్నారంట. కొందరికవి వేరుశనక్కాయలు, సీమలో చెనిక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు. మీ ఇంట్లో ఏమంటారో ఆ మాటతోనే ప్లేటు అడగండి, పక్కనోళ్ళు ఏమంటారో కూడా కనుక్కోండి.