9 అడుగుల 6 అంగుళాల బోటును రాష్ట్రం దాటించాలంటే: ఏ ట్రైలర్, ఏ బ్రేకులు? | రివ్యూ

నమస్తే అండి. అమెరికాలో వెడల్పాటి బోటు కొని, దాన్ని ట్రైలర్ మీద వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలనుకునే మనవాళ్ల కోసం ఈ రివ్యూ. ఉదాహరణకి 26 అడుగుల పొడవు, 9 అడుగుల 6 అంగుళాల వెడల్పు, వెనక రెండు ఔట్‌బోర్డ్ ఇంజిన్లు ఉన్న బోటు తీసుకుందాం. దీనికి మార్కెట్లో రెండు రకాల ట్రైలర్లు చూపిస్తారు: సర్జ్ బ్రేకులతో రెండు యాక్సిళ్లది, ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ బ్రేకులతో మూడు యాక్సిళ్లది. ధరలో తేడా బాగానే ఉంటుంది. ఆ తేడా దేనికో చూద్దాం.

ముందు వెడల్పు సంగతి. ఇంటర్‌స్టేట్ హైవేల మీద పర్మిట్ అక్కర్లేని వెడల్పు 102 అంగుళాలు, అంటే 8 అడుగుల 6 అంగుళాలు. హవాయిలో మాత్రం 108. ఇండియాలో మోటారు వాహనాల రూల్స్‌లో ఉన్న 2.6 మీటర్లు కూడా దాదాపు ఇంతే. మన బోటు ఒక అడుగు ఎక్కువ. కాబట్టి దాటే ప్రతి రాష్ట్రంలోనూ విడిగా ఓవర్‌సైజ్ పర్మిట్ చూసుకోవాలి. కొన్ని రాష్ట్రాలు బోట్లకు కాస్త సడలింపు ఇస్తాయి, కానీ అది వాళ్ల సరిహద్దు దాకానే. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ లాంటి టోల్ రోడ్డుకైతే దాని పర్మిట్ దానికే తీసుకోవాలి.

అప్లికేషన్‌లో బ్రోచర్‌లో ఉన్న బీమ్ (బోటు గరిష్ట వెడల్పు) అంకె రాసేయకండి. బోటు చుట్టూ రాపిడి తగలకుండా వేసే పట్టీ, అంటే రబ్ రైల్, ఆ లెక్కలో ఉండకపోవచ్చు. మేస్త్రీలు వాడే తూకం గుండు తీసుకుని, రబ్ రైల్ బాగా బయటికి వచ్చిన చోట నుంచి దారం వదలండి. గుండు నేలను తాకిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. రెండోవైపూ అలాగే. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి కొలిస్తే వచ్చేదే మీ వెడల్పు. బోటును ట్రైలర్ మీదికి సరిగ్గా ఎక్కించడానికి పక్కల నిలబెట్టే గైడ్ పోస్టులు అంతకన్నా బయటికి ఉంటే వాటిని కొలవాలి. ఎత్తు కూడా చూసుకోండి. టీ-టాప్ (బోటు మీద నీడకి ఉండే కప్పు) మీద యాంటెన్నా, రాడార్ ఉంటే దించేయడం మంచిది. తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఎత్తు పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు.

ఇప్పుడు బరువు. చాలామంది పొరబడేది ఇక్కడే. బ్రోచర్‌లో డ్రై వెయిట్ (పెట్రోలు, సామాన్లు లేని బరువు) 6,500 పౌండ్లు అని ఉంటుంది, చాలాసార్లు అందులో ఇంజిన్లు కలపరు. ఇంజిన్లు రెండూ కలిపి సుమారు 1,000 పౌండ్లు. 150 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్‌కి 6.1 పౌండ్ల లెక్కన 915. బ్యాటరీలు, లంగరు, సామాన్లు ఒక 500. ట్రైలర్ 2,000. మొత్తం 10,915.

టైర్ల లెక్క చూడండి. ట్రైలర్లకి వాడే ఎస్‌టీ 225/75ఆర్15 సైజులో, లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) ‘E’ ఉన్న టైరు 80 పీఎస్ఐ గాలితో 2,830 పౌండ్లు మోస్తుంది. రెండు యాక్సిళ్లకు నాలుగు టైర్లు, 11,320. ట్రక్కు కొక్కెం మీద పడే బరువు తీసేసినా మిగులు తక్కువే. ఒక టైరులో గాలి కాస్త తగ్గితే అది వేడెక్కి ట్రెడ్ ఊడిపోతుంది. మూడు యాక్సిళ్ల ట్రైలర్‌కి ఇదే సైజులో లోడ్ రేంజ్ ‘D’ టైర్లు వేసినా, 65 పీఎస్ఐ దగ్గర ఒక్కోటి 2,540, ఆరు టైర్లకి 15,240. ఈ బరువుకి మా ఓటు మూడు యాక్సిళ్లకే. దానికీ ఒక లోపం ఉంది. ఇరుకు మలుపుల్లో ముందు, వెనక టైర్లు పక్కకి ఈడ్చుకుపోయి త్వరగా అరుగుతాయి. వీలైనంత వెడల్పుగా తిప్పండి.

బ్రేకుల విషయానికొస్తే, సర్జ్ బ్రేకు పనితీరు సులువు. ట్రక్కు నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకి తోస్తుంది, కొక్కేనికి తగిలించే కప్లర్ వెనక్కి జారి, బ్రేకు నూనెకి ఒత్తిడి ఇచ్చే మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. చదును నేల మీద బాగానే ఉంటుంది. పొడవాటి ఘాట్ దిగేటప్పుడు ఆ తోపు ఆగదు కాబట్టి బ్రేకులు పట్టుకునే ఉండి వేడెక్కుతాయి. రివర్స్‌లోనూ ఇబ్బందే. వెనక్కి వెళ్లేటప్పుడు బ్రేకులు పట్టకుండా ఆపే సోలెనాయిడ్ (కరెంటు వాల్వు) రివర్స్ లైట్ కరెంటుతో పనిచేస్తుంది; దాని వైరు తుప్పు పట్టి తెగితే, ర్యాంపు దగ్గర వెనక్కి తోస్తున్నప్పుడు బ్రేకులు పట్టేస్తాయి.

ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్‌లో క్యాబిన్‌లోని కంట్రోలర్ చెప్పినప్పుడే ట్రైలర్ మీది పంపు ప్రెషర్ ఇస్తుంది. డిస్క్ బ్రేకులకి 1,600 పీఎస్ఐ పంపు, డ్రమ్ముకి 1,000 పీఎస్ఐది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ రెండూ కలగాపులగం కాకుండా చూసుకోండి. ట్రక్కుతో వచ్చిన కంట్రోలర్ ఈ రకం పంపుని గుర్తిస్తుందో లేదో కొనకముందే కనుక్కోండి. కొండ దారులుంటే ఇదే తీసుకోండి, డబ్బు ఎక్కువైనా సరే.

కొక్కెం మీద బరువు మొత్తంలో 7 నుంచి 10 శాతం ఉండాలి, అంటే మనకి 760 నుంచి 1,090 పౌండ్లు. తక్కువైతే ట్రైలర్ తోకలా ఊగుతుంది. బోటు ముక్కుని పట్టి ఉంచే వించ్ స్టాండ్‌ని ముందుకి జరిపి, ట్రక్ స్టాప్‌లోని కాటా మీద మళ్లీ తూయండి.

హెచ్చరిక సామాన్ల కిట్. 7 అడుగుల పొడవు, 18 అంగుళాల ఎత్తు ఉన్న పసుపు బ్యానర్, మీద నల్ల అక్షరాల్లో ఓవర్‌సైజ్ లోడ్ అని ఉండేది తీసుకోండి. జాలీ గుడ్డది మేలు, గాలి దాని గుండా పోతుంది. మాగ్నెట్ జెండాలు మాత్రం వద్దు. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు బాడీ అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బోటుకి ఎలాగూ అతుక్కోవు. 18 అంగుళాల ఎర్ర జెండాల్ని బోటు బాగా వెడల్పుగా ఉన్న చోట తాడుతో కట్టండి. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కదలనిస్తారు. పండగ సెలవుల్లో, పెద్ద ఊళ్ల రద్దీ వేళల్లో ఆపేస్తారు.

పడమటి రాష్ట్రాలకి వెళ్తుంటే ఇంకోటి. 2007లో నెవాడా, అరిజోనాల మధ్య ఉన్న లేక్ మీడ్‌లో క్వాగా మసెల్ బయటపడింది. బోట్లకి అంటుకుని కొత్త నీళ్లలోకి పాకే చిన్న గుల్ల జీవి అది. ఐడహోలో తెరిచి ఉన్న ప్రతి తనిఖీ కేంద్రం దగ్గరా బోటు ఆపాల్సిందే. అడుగు నీళ్లు, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే తొట్టి) నీళ్లు ముందే వంచేసి, డ్రెయిన్ ప్లగ్ తీసే ప్రయాణం చేయండి. మిన్నెసోటాలో అది చట్టమే.

బయల్దేరాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి లగ్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఆగినప్పుడల్లా ప్రతి హబ్ దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఆరింటిలో ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగ్ పోతున్నట్టో, బ్రేకు పట్టేసినట్టో లెక్క. అది సరిచేశాకే మళ్లీ కదలండి.