పొట్ట పెరుగుతోంది, కాళ్లు సన్నబడుతున్నాయి: 60 దాటిన మగవాళ్లు ఏం చేయాలి?

[తెర మీద: పొద్దున్నే భద్రకాళి బండ్, నడుస్తున్న పెద్దమనుషులు]

నమస్తే. హనుమకొండ, వరంగల్‌లో రిటైరైన పెద్దమనుషులకు వాకింగ్ బాగా అలవాటైంది. సంతోషమే. కానీ ఏళ్ల తరబడి నడుస్తున్నా పొట్ట తగ్గదు, తొడలు, పిక్కలు మాత్రం సన్నబడుతుంటాయి. బరువు మారలేదు కదా అని ధీమాగా ఉంటారు. రెండు కిలోల కండ పోయి రెండు కిలోల కొవ్వు చేరినా తూకం మిషన్‌లో అదే అంకె!

ఇలా కండ తగ్గడాన్ని సార్కోపెనియా అంటారు. ఈ పేరు 1989లోనే వచ్చింది. మనం మాత్రం ఇంకా "వయసు మీద పడింది బాపూ" అని సరిపెట్టేస్తున్నాం. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. అది తగ్గి, పొట్టలో కొవ్వు పెరిగితే షుగర్ అదుపు తప్పుతుంది. కింద పడే ప్రమాదమూ పెరుగుతుంది.

[తెర మీద: గోడకు ఆనించిన కుర్చీ, పక్కన గడియారం]

ఇంట్లోనే చూసుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఒకరు ఉండాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే అనుమానించాలి. మగవాళ్లకు పిక్క చుట్టుకొలత 34 సెంటీమీటర్లలోపు ఉన్నా అంతే. నడుము 90 సెంటీమీటర్లు దాటిందా, అదీ చూడండి.

మరి మందు? సార్కోపెనియాకంటూ ఆమోదం పొందిన మాత్ర ఇప్పటికి లేదు. బరువులతో వ్యాయామమే అసలు వైద్యం. ఈ వయసులో బరువులేంటి అంటారా? 1990లో బోస్టన్‌లో, వృద్ధుల కేంద్రంలో ఉండే తొంభై ఏళ్లవాళ్లతో 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది! నడక గుండెకు మంచిది, మానకండి. కండకు మాత్రం అది చాలదు.

తిండి దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు. పొట్ట తగ్గాలని రాత్రి భోజనం మానేస్తారు, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, పైన పల్చటి పప్పుచారు. ఇలా పస్తులుంటే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 70 కిలోల మనిషికి 70 గ్రాములు తక్కువ కాకుండా అన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! అందుకే అన్నం తగ్గించి, గట్టి పప్పు, పెరుగు, శనగలు, గుడ్లు, చికెన్ మూడు పూటలా పంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ గురించి కూడా అడుగుతున్నారు. లక్షణాలుండి, వేర్వేరు రోజుల్లో పొద్దున చేసిన రెండు పరీక్షల్లోనూ తక్కువని తేలితేనే దాని మాట. ప్రొస్టేట్ కూడా చూపించుకోవాలి. జిమ్‌లో ఎవరో చెప్పారని వేయించుకోకండి.

[తెర మీద: కుర్చీలోంచి లేస్తున్న పెద్దాయన, చేతుల్లో నీళ్ల బాటిళ్లు]

వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయండి. కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, బాటిళ్లు ఎత్తడం, ఒక్కోటి పదిసార్లు. ఊపిరి బిగపట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు ముఖ్యంగా. పది తేలికైన రోజున లీటరు బాటిల్ పక్కన పెట్టి రెండు లీటర్లది పట్టుకోండి.