ఆ గేదె ఒక్కటి చాలండి: గేమ్ జామ్ మొదలయ్యే ముందు మాట్లాడింది

అందరికీ నమస్కారమండి. స్టేజి మీద పెద్దలకీ, ఈ జామ్ పెట్టిన కుర్రాళ్ళకీ, పొద్దున్నించీ ఎక్స్‌టెన్షన్ బాక్సులు మోస్తున్న ల్యాబ్ అన్నగారికీ నమస్కారాలు. ఐడియాలు ఎలా రాబట్టాలి, ఫీచర్లు ఎలా ఎంచుకోవాలి అన్నది చెప్పమన్నారు, చెప్తాను.

ఫస్టియర్ వాళ్ళ కోసం ఒక్క ముక్క. థీమ్ ఇస్తారు, టైమ్ పెడతారు, ఆ లోపు ఆట తయారవ్వాలి, అదే జామ్. లూడమ్ డేర్ అనే ఆన్‌లైన్ జామ్ 2002లో మొదలైంది, అందులో ఒంటరిగా చేసేవాళ్ళకి 48 గంటలు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి జరుగుతోంది, మొదట్లో అదీ 48 గంటలే, ఇవాళ మీకూ అంతే.

48 అంటే బోలెడు టైమ్ అనిపిస్తుంది కదా, లెక్కెయ్యండి. రెండు రాత్రుళ్ళు ఆరేసి గంటలన్నా పడుకోవాలి, 12 పోయాయి. తిండీ స్నానం కరెంటు పోవడం కలిపి ఇంకో 6. ఆఖరి 6 గంటలు కొత్త కోడ్ ముట్టుకోకూడదు, అప్‌లోడ్ చేసి వేరేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. మిగిలింది 24. అందులో లాగిన్ పేజీ పెడతారా?

లాగిన్ అన్నాను కాబట్టి ఇది చెప్పి తీరాలి. కొన్నేళ్ళ కిందట మన వైపే ఒక పోటీకి టీములకి సాయం చెయ్యడానికి వెళ్ళాను. థీమ్ బరువు. ఒక టీమ్‌లో సఖినేటిపల్లి వైపు నుంచి రోజూ రేవు దాటి నర్సాపురం వచ్చి చదువుకునే అమ్మాయి ఉంది. మగపిల్లలు జోంబీలు, గన్నులు, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అంటూ గంటసేపు ఊదరగొట్టారు, ఆ పిల్ల నోరు తెరవడానికి సందే ఇవ్వలేదు. చివరికి అందరూ అలిసిపోయాక మెల్లిగా "పంటు ఎక్కించే ఆట చేద్దామా" అంది.

అంతేనండి ఆట. వశిష్ట గోదావరి మీద మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు, రేవులో మోటార్ సైకిళ్ళు, ఒక ఆటో, కొబ్బరికాయల ట్రాక్టరు, ఒక గేదె. వేలితో లాగి పంటు మీద పెట్టాలి, ఒక పక్క బరువెక్కువైతే ఒరిగిపోతుంది. బళ్ళన్నీ పెట్టినచోటే ఉంటాయి, గేదె ఉండదు, అది నడుస్తుంది, సరిగ్గా పంటు కదిలాక నడుస్తుంది. ఆ గేదె ఒక్కటి చాలండి! టీ ఇవ్వడానికి వచ్చిన క్యాంటీన్ ఆయన "ఆయ్, ఇంకొక్కసారండి" అంటూ ఫోన్ తిరిగివ్వలేదు.

జడ్జి గారు అడిగిన మొదటి ప్రశ్న, లెవెల్స్ ఎన్ని? రెండోది, లాగిన్ ఏదీ, లీడర్‌బోర్డ్ ఏదీ? ఆయన చేతిలో మార్కుల కాయితం మీద "ఫీచర్ల సంఖ్య" అని ఒక గడి ఉంది, నా కళ్ళతో చూశాను. ప్రైజ్ ఎవరికిచ్చారో తెలుసా, లాగిన్, షాపు, సెట్టింగులు అన్నీ ఉండి ప్లే నొక్కగానే మూసుకుపోయే ఆటకి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, ఛార్జర్ చుట్టుకుని, పంటు వెళ్ళిపోతుందని పరిగెత్తింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుందండి. ఇవాళ జడ్జీలుగా కూర్చునే పెద్దలకి దండం పెట్టి అడుగుతున్నాను, మీ కాయితంలో అలాంటి గడి ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

బయట పేరొచ్చినవి చూడండి. 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో థీమ్ మాట కాదు, గుండె చప్పుడు వినిపించారు. దాన్నుంచి ఒక టీమ్ ఆపరేషన్ చేసే డాక్టరు చెయ్యి దాకా వెళ్ళింది, ఒక్కో వేలికి ఒక్కో కీ, అదే సర్జన్ సిమ్యులేటర్. 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో గెలిచిన బాబా ఈజ్ యూలో మనం చేసేది మాటలు రాసున్న దిమ్మల్ని తొయ్యడం, తోస్తే ఆట రూల్సే మారిపోతాయి. దేనికదే, ఒక్కో ఆటలో ఆడేవాడి చెయ్యి చేసే పని ఒక్కటే ఉంటుంది.

కాబట్టి మీ కాయితం మీద కథ రాయకండి, ముందు ఆ పని రాయండి. లాగడమా, తొయ్యడమా, ఆపడమా. తర్వాత ప్రతి ఫీచర్‌నీ అడగండి, ఇది తీసేస్తే ఆ పనిలో మజా తగ్గుతుందా అని. గేదె తీసేస్తే తగ్గుతుంది, షాపు తీసేస్తే తగ్గదు. తగ్గనివన్నీ వేరే కాయితం మీద రాసి గోడకి అంటించండి, టైమ్ మిగిలితే చూద్దాం. సౌండూ, ఓడిపోగానే మళ్ళీ మొదలెట్టే బటనూ మాత్రం వదలొద్దు. బొమ్మలు తర్వాత, ఇవాళ రాత్రికే చతురస్రాలతో ఆడగలిగేట్టు ఉండాలి, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో అయినా యూనిటీ అయినా మీ ఇష్టం, మీకు ఏది వచ్చో అది. పక్క టీమ్ వాళ్ళకిచ్చి ఆడించండి, మీరు పక్కన నిలబడి ఒక్క మాట కూడా చెప్పకండి, వాళ్ళు ఎక్కడ తడబడ్డారో చూడండి చాలు.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. థీమ్ చెప్పగానే ఎవరూ మాట్లాడొద్దు. గొంతు పెద్దగా ఉన్నోడి ఐడియానే గెలవకూడదు తమ్ముళ్ళూ. ఒక్కొక్కరూ చీటీల మీద రాయండి, పిచ్చిదైనా రాయండి, పేరు రాయొద్దు. మొదట తట్టింది హాలంతా అందరికీ తట్టేదే, దాన్ని దాటి ఇంకో ఏడెనిమిది రాయండి. మీ వీధిలో, మీ కాలవ లాకుల దగ్గర రోజూ చూసేది కూడా రాయండి. అన్నీ కలిపేసి ఒకరు చదవాలి, నవ్వడాలు, వంకలు పెట్టడాలు చదవడం అయిపోయేదాకా ఉండకూడదు.

చీటీలు వెనక వరసకి అందాయా అమ్మా? ఆ చివర నలుగురికీ రాలేదు, ఇవ్వండి. ఫోన్లు జేబులో పెట్టండి. పది నిమిషాలు, థీమ్ చెప్పేయండి సార్.