కాలువలో ఈదిన ధైర్యం కొండవాగు దగ్గర చెల్లదు

నమస్కారం. కోనసీమ నుంచీ, రామచంద్రపురం, పాలకొల్లు వైపుల నుంచీ మారేడుమిల్లి అడవులకు వెళ్లి, రోడ్డుకు దూరంగా ఉన్న ఒక చిన్న జలపాతాన్ని నడిచి చూసి రావాలనుకునే డెల్టా వాళ్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లే దారి మీకు తెలిసినదే కాబట్టి దాని గురించి చెప్పను. ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న జలపాతం పేరూ, అక్కడికి వెళ్లే కాలిబాటా కూడా చెప్పదలచుకోలేదు. పేరు పడ్డ జలపాతాల చుట్టూ పేరుకుపోయిన ప్లాస్టిక్ సీసాలను చూసిన తరువాత తీసుకున్న నిర్ణయమిది. కోపం వస్తే క్షమించండి.

మన ప్రాంతంలో జలపాతం లేకపోవడానికి కారణం మన నేలే. గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన ఈ నేల ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కొద్ది మీటర్లు మాత్రమే వాలుతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి నీరు లాకులూ తూములూ దాటుకుంటూ, ఎప్పుడు వదలాలో ఎప్పుడు కట్టాలో మనుషులు నిర్ణయించిన ప్రకారం నడుస్తోంది. వేసవిలో కాలువలు కట్టేస్తారని, ఖరీఫ్‌కు మళ్లీ వదులుతారని ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. చివరికి వరద కూడా మనకు చెప్పే వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరంలో ఆ లెక్క 11.75, 13.75, 17.75 అడుగులు. పైన నీరు పెరిగిందన్న కబురు ముందు వస్తుంది, నీరు తరువాత వస్తుంది. ఆ మధ్యలో లంకల్లోని పశువులను గట్టు మీదికి తోలుకునే వ్యవధి దొరుకుతుంది.

కొండవాగుకు ఈ మర్యాదలేవీ లేవు. మీరు నిలబడిన చోట ఎండ కాస్తూ ఉండవచ్చు, అదే సమయంలో రెండు మలుపుల ఎగువన వాన కుండపోతగా కురుస్తూ ఉండవచ్చు. వాగు పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ, అడుగున రాయి గట్టిది. పడిన నీరు ఇంకే వీలు లేక ఒక్కసారిగా దిగుతుంది. మోకాలి లోతు నీరు మనిషిని నిలవనివ్వని ఉద్ధృతిగా మారడానికి నిమిషాలు చాలు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు ఇలాగే కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. అందుచేత నీటిలో దిగిన తరువాత కూడా ఒక కన్ను ఎగువ వైపే ఉండాలి. తేటగా ఉన్న నీరు హఠాత్తుగా ఎర్రబారినా, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకువచ్చినా, జలపాతం హోరు మారినట్టు అనిపించినా, ఫోటో సంగతి వదిలేసి వెంటనే ఎత్తుకు ఎక్కాలి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే, దాటే ప్రయత్నం చేయకుండా నీరు తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. వాగు ఎంత త్వరగా పొంగుతుందో, వాన ఆగితే దాదాపు అంత త్వరగానూ దిగుతుంది.

ఈత వచ్చిన వాళ్ల గురించే నాకు ఎక్కువ భయం. కాలువ రేవులో ఈత నేర్చుకున్న వాడికి మెత్తని అడుగూ, ఒకే దిక్కుకు నెమ్మదిగా సాగే నీరూ అలవాటు. జలపాతం కింది గుండం అలాంటిది కాదు. నడుము లోతులో ఉన్న బండ అంచు దాటితే లోతు ఎంతో తెలియదు, అడుగున రాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో కనిపించదు. పైనుంచి పడే నీటిలో గాలి కలిసి నురగలు కట్టిన చోట శరీరం మామూలుగా తేలదు, చేయి వేసినా పట్టు దొరకదు. గట్టు మీది నుంచి కాలువలోకి దూకినట్టు బండ మీది నుంచి దూకడం ఎంతమాత్రం తగదు. పాచి పట్టిన రాయి మీద కొత్త బూట్లు కూడా నమ్మదగినవి కావు. తడి రాయి మీద అడుగులు దగ్గర దగ్గరగా వేస్తూ, పక్కన చేయి ఆనే చోటు చూసుకుంటూ నడవాలి.

ఎప్పుడు వెళ్లాలి? నన్నడిగితే వానలు తగ్గిన నవంబరు నుంచి జనవరి వరకు. అప్పుడు ఊటల నీరు సన్నగా, తేటగా పడుతూ ఉంటుంది. ఎండలు ముదిరితే చిన్న జలపాతాలు చాలావరకు తడిసిన బండలుగా మిగులుతాయి.

ఇది రిజర్వు అడవి అన్న సంగతి మరచిపోకూడదు. గోదావరి వైపు ఉన్న పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ముందుగా అటవీ శాఖ వారిని అడిగి, స్థానికుడైన ఒకరిని వెంట తీసుకువెళ్లండి. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లకు ఏ వాగు ఏ వానకు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసు. వెనక్కి వెళ్దామని అతడు అంటే బేరమాడకుండా వెనక్కి రావాలి, ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. దారిలో కల్లు కోసం జీలుగు చెట్టుకు కట్టిన కుండ కనిపిస్తే, అది ఒకరి జీవనాధారమని గుర్తుంచుకుని ముట్టుకోవద్దు. వెదురు బొంగులో వండే ఇక్కడి బొంగు చికెన్ తిరిగి వచ్చాక తినవచ్చు. భుక్తాయాసంతో బండలెక్కడం కష్టం.

మన్యంలో మలేరియా ఉన్నందున నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కనుక, ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు రోడ్డు మీదికి వస్తారో బయలుదేరే ముందే ఇంట్లో వాళ్లకూ, బస చేసిన చోటా చెప్పి, చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దిగేలా సమయం చూసుకోండి.