హోమో నలేడి చెయ్యి, 3డి ప్రింట్‌లో: ఈ ఎముకలు ఏం చెబుతున్నాయి?

నమస్తే అందరికీ. టేబుల్ మీద కనిపిస్తున్నది ఒక కుడి చెయ్యి. మొత్తం 26 ఎముకలు, అన్నీ తెల్ల ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసినవి. ఇది హోమో నలేడిది, అంటే మనకు చుట్టమై, ఎప్పుడో అంతరించిపోయిన జాతిది. అసలు ఎముకలు దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ దగ్గర రైజింగ్ స్టార్ అనే గుహలో దొరికాయి. నలేడి ఎముకల స్కాన్ ఫైళ్లు మార్ఫోసోర్స్ అనే సైట్‌లో పెట్టారు, వాటిని దించుకుంటే మన నల్గొండలో ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు ప్రింట్ తీసిచ్చాడు.

మన చేతికి 27 ఎముకలు కదా, ఇందులో తక్కువైంది ఒక్కటే, మణికట్టులో చిటికెన వేలు వైపు ఉండే చిన్న గుండ్రటి ఎముక. లక్షల ఏళ్ల నాటి చెయ్యి ఇంత పూర్తిగా దొరకడం చాలా అరుదు. అది కూడా చెల్లాచెదురుగా కాదు, ఎముకలు చాలావరకు ఒకదాని పక్కన ఒకటి, వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇది బొటనవేలి కింద అరచేతిలో ఉండే ఎముక. కింది భాగం సన్నగా ఉంది, పైకి పోయే కొద్దీ రెండు పక్కలా గట్లలాగా లేచింది చూడండి. బొటనవేలిని కదిలించే కండరాలు అతుక్కునే చోటు అది. గట్టు అంత స్పష్టంగా ఉందంటే ఆ బొటనవేలికి గట్టి పట్టు ఉండేదని అర్థం. మణికట్టు ఎముకల ఆకారం కూడా మనకే దగ్గరగా ఉంది, చింపాంజీకి కాదు. ఇంతవరకు చూస్తే రాయి పట్టుకుని పని చేసుకోగలిగే చెయ్యే అనిపిస్తుంది.

ఇప్పుడు వేలి ఎముక. టేబుల్ మీద పెడితే రెండు కొనలే ఆనుతున్నాయి, మధ్యలో కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది, అంత వంపు ఉంది. మన వేలి ఎముకకు ఇంత వంపు ఉండదు. కొమ్మ పట్టుకుని వేలాడేటప్పుడు ఎముక మీద పడే ఒత్తిడిని ఈ వంపు తగ్గిస్తుంది. మన దగ్గర గీత కార్మికుడికి తాటిచెట్టు ఎక్కాలంటే మోకు, ముత్తాదు కావాలి, వీళ్లు మాత్రం ఒట్టి వేళ్ల బలంతోనే ఎక్కి ఉంటారు. భుజం ఎముకలు కూడా అదే మాట చెబుతున్నాయి. పాదం చూస్తే మళ్లీ దాదాపు మనదే, చక్కగా నిలబడి నడిచే పాదం.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కోతి లక్షణాలన్నీ ఒక్కొక్కటే పోయి, మనిషి లక్షణాలు వరసగా వచ్చాయని మన బడి పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది చూడండి, ఆ బొమ్మ ఈ ఒక్క చెయ్యి ముందు నిలబడదు. మణికట్టు ఒక దారిన, వేళ్లు ఇంకో దారిన పోయాయి. మెదడు సంగతి మరీ ఆశ్చర్యం, సుమారు 465 నుంచి 610 ఘన సెంటీమీటర్లే, మనకేమో సగటున 1350 దాకా ఉంటుంది. పోనీ ఇదంతా ఇరవై లక్షల ఏళ్ల కిందటి సంగతా అంటే కాదు. 2017లో వయసు తేలింది, 3,35,000 నుంచి 2,36,000 ఏళ్ల మధ్య. మొరాకోలో దొరికిన తొలి హోమో సేపియన్స్, అంటే మన జాతివాళ్ల, ఎముకల వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. అంటే చిన్న మెదడున్న వీళ్లూ, మనవాళ్లూ ఆఫ్రికాలో ఒకే కాలంలో బతికారు.

దొరికిన తీరు కూడా చెప్పాలి. 2013లో రిక్ హంటర్, స్టీవెన్ టక్కర్ అనే ఇద్దరు గుహల్లో తిరిగేవాళ్లు రైజింగ్ స్టార్ లోపల ఈ ఎముకలున్న గది కనిపెట్టారు. అక్కడికి వెళ్లే దారి వెడల్పు కొన్ని చోట్ల 18 సెంటీమీటర్లే. అందుకే ఈ తవ్వకాలు నడిపించిన శాస్త్రవేత్త లీ బర్గర్ సన్నగా ఉండే శాస్త్రవేత్తలు కావాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చారు, ఆరుగురు మహిళలు లోపలికి దిగి తవ్వారు. 1500కు పైగా ఎముక ముక్కలు, కనీసం 15 మందివి, పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా.

ఇంత లోపలికి ఈ నలేడివాళ్లెలా చేరారు? జంతువులు కొరికిన గుర్తులు లేవు. చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టారని బర్గర్ బృందం 2023లో రాసింది, ఆధారాలు చాలవని ఆ పరిశోధనను చదివిన సమీక్షకులు అన్నారు. నాకూ సమీక్షకుల మాటే సరైనదనిపిస్తుంది. సాగర్ నీళ్లలో మునిగిపోయిన మన ఏలేశ్వరంలో బయటపడ్డ బృహత్ శిలాయుగపు సమాధుల్లాంటివి తీసుకోండి, పేర్చిన రాళ్లుంటాయి, పక్కన కుండలుంటాయి, చేత్తో చేశారని అనుమానం అక్కర్లేదు. ఇక్కడ ఆ సాక్ష్యం లేదు, మట్టిలో గుంట అంచు నిజంగా తవ్విందేనా అన్న దగ్గరే వాదన ఆగింది. మెదడు చిన్నది కాబట్టి ఆ పని చేయలేరు అని కొట్టిపారేయడం మాత్రం నేను ఒప్పుకోను, అది ఆధారం కాదు, మన అలవాటు.

ఇక ప్రింట్ సంగతి. కండరాల గట్లు, వంపు బాగా వచ్చాయి. కీళ్లు కలిసే చోట మాత్రం ప్లాస్టిక్ పొరల గీతలు పడ్డాయి, మణికట్టు ఎముకలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు. మీరు తీయిస్తే పొర మందం తగ్గించమనండి, టైమ్ ఎక్కువ పట్టినా పర్లేదు. చెయ్యి మొత్తం వద్దనుకుంటే బొటనవేలి ఎముక, ఒక వేలి ఎముక, ఈ రెండూ తీయించి పిల్లల చేతికివ్వండి, వంపు వాళ్లే చూసి చెబుతారు.